అమ్మా, క్యాంపుకు పోయి రానా?



కాలేజీకి వెళ్ళే ఆడపిల్ల ఉన్న ఇంట్లో ఏదో ఒక రోజు ఈ ప్రశ్న వినిపించక తప్పదు. "అమ్మా, మా కాలేజీ వాళ్ళు పల్లెటూళ్ళో ఏడు రోజులు ఎన్.ఎస్.ఎస్. క్యాంపు పెడుతున్నారు. నేనూ పోయి రానా?" అని. కరీంనగర్ కానివ్వండి, ఆదిలాబాద్ కానివ్వండి, జగిత్యాల, మంచిర్యాల కానివ్వండి, చాలామంది తల్లుల నోట వెంటనే వచ్చే జవాబు ఒకటే: "ఏమక్కర్లేదు, బుద్ధిగా చదువుకో!" ఆ వెనకే అనుమానాలు బారులు తీరుతాయి. రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటారు? తిండి ఎవరు వండుతారు? మగపిల్లలు కూడా వస్తారా? పరీక్షలు దగ్గర పడుతుంటే ఊళ్ళు ఊడ్చే పనులేమిటి? పెళ్ళి కావలసిన పిల్ల, నలుగురూ ఏమనుకుంటారు?

ఈ అనుమానాల్లో ఒక్కటి కూడా తీసిపారేయదగ్గది కాదు. తల్లి అన్నాక అడగాలి, ఆరా తియ్యాలి. కాని ఆ "చదువుకో" అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగి ఆలోచిద్దాం. ఆ ఏడు రోజులూ చదువు కాదని మనకెవరు చెప్పారు? పుస్తకం చదివి పరీక్ష రాయడం చదువులో ఒక భాగం. తనకు రానిదేమిటో తానే కనిపెట్టి, వెతుక్కుని నేర్చుకోవడం రెండో భాగం. నేర్చుకున్నది ఇంకొకరికి పనికి వచ్చేటట్టు చెయ్యడం మూడో భాగం. మొదటి భాగానికి కాలేజీ ఉంది, ఫీజు ఉంది, ట్యూషన్ ఉంది. మిగిలిన రెండింటికీ చాలా ఇళ్ళలో తల్లి "సరే" అనడమే కావాలి. అందుకే ఈ మాటలు మీతో చెప్పాలనుకున్నాను.

ముందు ఈ ఎన్.ఎస్.ఎస్. సంగతి చూద్దాం. జాతీయ సేవా పథకం అని దీని పూర్తి పేరు. చదువుకునే పిల్లలు దేశసేవలో పాలు పంచుకోవాలన్న ఆలోచన స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే పుట్టింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్, ఈ సేవ ఎవరి బలవంతమూ లేకుండా విద్యార్థులు ఇష్టపడి చేసేదిగా ఉండాలని సలహా ఇచ్చింది. అది కార్యరూపం దాల్చడానికి చాలా ఏళ్ళు పట్టింది. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో సుమారు 40,000 మంది విద్యార్థులతో ఈ పథకం మొదలైంది. ఇప్పటికీ ఏటా సెప్టెంబరు 24న కాలేజీల్లో ఎన్.ఎస్.ఎస్. దినోత్సవం జరుపుతారు. దీని నినాదం ఎంతో చిన్నది: "నేను కాదు, మీరు".

మీ అమ్మాయి ఇందులో చేరితే రెండేళ్ళు పని చెయ్యాలి. ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళకు 240 గంటలు. "అమ్మో, అన్ని గంటలే!" అనుకోకండి. వారానికి లెక్క వేస్తే రెండున్నర గంటల లోపే. మనమూ పిల్లలూ కలిసి సీరియళ్ళకిచ్చే సమయం కంటే ఇది ఎక్కువేమీ కాదు! ఆ 120 గంటల్లో 20 గంటలు అసలు ఈ పనేమిటో, ఎలా చెయ్యాలో తెలుసుకోవడానికి, 30 గంటల దాకా కాలేజీ ఆవరణలో పనులకు, మిగిలిన 70 గంటలు ఊళ్ళోనో, బస్తీలోనో జనం మధ్య పని చెయ్యడానికి అని విభజించారు. ఇవి గాక, రెండేళ్ళలో ఒకసారి దత్తత తీసుకున్న గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. దీన్నే పిల్లలు క్యాంపు అంటారు. కాలేజీలో పాఠాలు చెప్పే అధ్యాపకులే ప్రోగ్రాం ఆఫీసరుగా ఉండి దీన్ని నడుపుతారు. కరీంనగర్ వైపు చాలా కాలేజీలు 2008లో ఏర్పడ్డ శాతవాహన విశ్వవిద్యాలయం కిందా, ఆదిలాబాద్ వైపువి 1976లో వరంగల్లులో ఏర్పడ్డ కాకతీయ విశ్వవిద్యాలయం కిందా ఈ పథకాన్ని నడుపుతున్నాయి. కనుక ఇదేదో పిల్లలు తమలో తాము మాట్లాడుకుని బయలుదేరే విహారయాత్ర కాదని గ్రహించాలి.

సరే, ఊళ్ళో వారం రోజులుంటే పిల్లకు ఒరిగేదేమిటి? దీనికి జవాబు మన వంటింట్లోనే ఉంది. సంక్రాంతికి సకినాలు చుట్టడం మనకు ఏ బడిలో నేర్పారు చెప్పండి? మొదటిసారి చుట్టినప్పుడు పిండి జారై చుట్టు నిలవలేదు. రెండోసారి గట్టిపడి మధ్యలోనే తెగింది. లోపం ఎక్కడుందో మనకే తట్టింది. వాడకట్టులో బాగా చుట్టే పెద్దమ్మ ఎవరో కనుక్కుని, పక్కన కూర్చుని ఆవిడ వేళ్ళు ఎలా తిరుగుతున్నాయో చూశాం. నానిన బియ్యం ఎంత తడి మీద పట్టించాలి, నువ్వులూ వామూ ఏపాటి, గుడ్డ మీద ఎంతసేపు ఆరాక నూనెలో వెయ్యాలి, అన్నీ అడిగాం. చేశాం, విరిచి చూశాం, మళ్ళీ చేశాం. ఎవరూ మార్కులు వెయ్యలేదు. కాని ఆ విద్య ఇక మనల్ని విడిచిపోదు.

ఇందులో అయిదు మెట్లున్నాయి. రానిదేమిటో తెలుసుకోవడం, ఏం సాధించాలో నిర్ణయించుకోవడం, ఎవరిని అడగాలో, ఎక్కడ చూడాలో వెతుక్కోవడం, తగిన పద్ధతిలో చేసి చూడడం, వచ్చిందో లేదో తానే పరీక్షించుకోవడం. మాల్కం నోల్స్ అనే అమెరికా విద్యావేత్త స్వయంగా నేర్చుకోవడం గురించి 1975లో ఒక పుస్తకం రాశాడు. అందులో ఆయన చెప్పినవీ ఇంచుమించు ఈ మెట్లే. మనం పేరు తెలియకుండానే అవన్నీ ఎక్కాం!

మరి కాలేజీ పిల్లల మాటేమిటి? వాళ్ళకు మొదటి మెట్టే దొరకడం లేదు. ఏం చదవాలో సిలబస్ చెబుతుంది, ఏది ముఖ్యమో గైడు చెబుతుంది, వచ్చిందో లేదో పరీక్ష పేపరు చెబుతుంది. "నాకు ఇది రాదు, ఇది నేను తెలుసుకోవాలి" అని పిల్ల తనంతట తాను అనుకునే సందర్భమే రాదు. ఆ సందర్భాన్ని ఊరు కల్పిస్తుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. డిగ్రీ చదివే అమ్మాయి. జంతుశాస్త్రంలో దోమ జీవితచక్రం బొమ్మ వేసి మంచి మార్కులు తెచ్చుకుంది. వానాకాలం వెళ్ళగానే ఆదిలాబాద్ వైపు ఒక పల్లెలో, దోమల గురించి ఇల్లిల్లూ తిరిగి చెప్పే పని ఆమెకు అప్పగించారు. ఒక ఇంటి ముందు నీళ్ళ గోలెం చూపించి, "అవ్వా, ఈ నీళ్ళల్ల దోమలు పుడతయ్, వారానికోసారి పారబోయాలె" అంది. ఆ అవ్వ ఊరుకుంటుందా! "నీళ్ళు పారబోయమంటున్నవ్ గని బిడ్డా, మల్ల నల్లా ఎప్పుడొస్తదో నువ్వు చెప్తవా? అయినా వారమే ఎందుకు, నెలకోసారి పారబోస్తే ఏమైతది?" అని అడిగింది.

అమ్మాయి దగ్గర జవాబు లేదు. పరీక్షలో ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు మరి. ఆ సాయంత్రం క్యాంపులో మళ్ళీ పుస్తకం తెరిచింది, మేడమ్‌ను అడిగింది, ఆరోగ్య కార్యకర్తను కలిసింది. అప్పుడు తెలిసింది. గుడ్డు పిల్ల పురుగై, ఆ పురుగు రెక్కల దోమ కావడానికి మన వాతావరణంలో సుమారు వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి తొట్టి ఖాళీ చేస్తే అది ఎగిరే లోపే చస్తుంది. నెలకోసారైతే ఈలోగా కొన్ని కాన్పులు ఎగిరిపోతాయి. ఇంకొక సంగతి కూడా బయటపడింది. డెంగీని మోసే దోమ నీటి మట్టానికి కాస్త పైన, తొట్టి గోడకు గుడ్లను అంటిస్తుంది. నీళ్ళు లేకపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికి ఉండి, మళ్ళీ తడి తగలగానే లేస్తాయి. కనుక ఉత్తినే పారబోస్తే చాలదు, అంచులు పీచుతో గట్టిగా తోమాలి. తాగే నీళ్ళను పారబోయనక్కర్లేదు, దోమ దూరని గుడ్డ కట్టి మూత పెడితే చాలు. పాత నీళ్ళు చెట్లకు పోసుకోవచ్చు.

మర్నాడు పిల్ల మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళి అవ్వకు ఈ మాట చెప్పిందనుకోండి. అప్పుడు జరిగింది చూడండి. చెబుదామని వెళ్ళిన పిల్ల ముందు తాను నేర్చుకుంది. ఆ అవ్వ ప్రశ్న లేకపోతే తనకు తెలియదన్న సంగతే తెలిసేది కాదు. నీళ్ళ కరువెరిగిన మనిషికి నీళ్ళు పారబోయమని చెప్పడం ఎంత తేలికో, ఆ మాట ఆమె వైపు నుంచి వింటే ఎంత కష్టంగా ఉంటుందో కూడా తెలిసింది. వ్యక్తిత్వ వికాసం అని పుస్తకాల్లో రాసే పెద్ద మాటకు అర్థం నాకు తెలిసినంతలో ఇదే. ఎదుటి మనిషి ప్రశ్నను తన ప్రశ్నగా తీసుకుని, జవాబు కోసం వెతకడం. సేవ అంటే మనం ఇచ్చేదొక్కటే కాదు, పుచ్చుకునేది కూడా బోలెడుంటుంది.

సిలబస్ బయట తనంతట తాను చదువుకున్నవాళ్ళకు మన ప్రాంతంలో గొప్ప ఉదాహరణే ఉంది. డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు 1931లో అప్పటి కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టారు. ఇప్పుడది రాజన్న సిరిసిల్ల జిల్లా. నిజాం కాలంలో చదువంతా ఉర్దూలోనే. ఆయన బడి చదువూ, ఇంటర్మీడియటూ, బి.ఏ.నూ ఉర్దూ మాధ్యమంలోనే సాగాయి. మరి తెలుగు అంత లోతుగా ఎలా పట్టుబడింది? హైదరాబాదులో కాలేజీ చదువుకునే రోజుల్లో, 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి వెళ్ళి తెలుగు పుస్తకాలు తెగ చదివారు. ఆ తరువాత తెలుగులో ఎం.ఏ., పిహెచ్.డి. చేసి, పాఠాలు చెప్పి, 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. ఇందులో మనం గమనించవలసింది ఆ భాషానిలయం సంగతి. అది ప్రభుత్వం కట్టింది కాదు. తెలుగుకు రాజాదరణ లేని రోజుల్లో, భాష మీద ప్రేమ ఉన్న కొందరు కలిసి నిలబెట్టిన గ్రంథాలయం. అంటే ఒక తరం చేసిన సేవ, ఇంకొక తరం కుర్రవాడు సొంతంగా నేర్చుకోవడానికి ఆసరా అయింది!

ఇక ఆదిలాబాద్ వైపు వద్దాం. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కుమురం భీము నేలకొరిగిన తరువాత, ఆ కొండల్లోని జనం బాధలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన, ఆయన భార్య ఎలిజబెత్ మార్లవాయి అనే గూడెంలో నివాసం ఉన్నారు. భూమి కాగితాలు ఉర్దూలో, మాట్లాడేది గోండీలో. చదవడం రాకపోవడం వల్ల సొంత పొలం మీద హక్కు కూడా చేజారిపోతున్న రోజులవి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు ఒక కేంద్రం మొదలుపెట్టారు. బయటి నుంచి పంతుళ్ళను తెచ్చి పెట్టడం మీదే ఆధారపడకుండా, గోండుల్లోనే నాలుగక్షరాలు వచ్చిన వాళ్ళను తీసుకుని, ఇంకొంచెం నేర్పి, వాళ్ళనే పిల్లలకు చదువు చెప్పమన్నారు. గోండీ మాటలను దేవనాగరి లిపిలో రాసి వాచకాలు తయారు చేశారు.

ఇందులో ఒక కిటుకుంది. ఎప్పుడో నేర్చుకుని మరచిపోయిన పండితుడి కంటే, నిన్న నేర్చుకున్న మనిషికి అక్షరం ఎక్కడ కష్టమవుతుందో బాగా గుర్తుంటుంది. చెప్పే బాధ్యత నెత్తిన పడ్డాక, ఆ మనిషి తాను ఇంకా లోతుగా నేర్చుకోక తప్పదు. మన అమ్మాయి ఊళ్ళో ఒక అక్కకు సంతకం నేర్పినా జరిగేది ఇదే. ఎలిజబెత్ 1987లో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. 1995 దాకా జీవించిన హైమన్‌డార్ఫ్‌ను ఆ ప్రాంతం వారు ఇప్పటికీ తలచుకుంటారు.

అయితే అన్ని క్యాంపులూ ఒక్కలా ఉంటాయని నేననను. ఫోటో కోసం చీపురు పట్టుకుని, ఫోటో అయ్యాక చీపురు కింద పడేసే క్యాంపులూ లేకపోలేదు. సర్టిఫికెట్ కోసమే పేరు రాయించుకునే పిల్లలూ ఉంటారు. అందుకని తల్లులుగా మనం కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. ప్రోగ్రాం ఆఫీసరు ఎవరు, ఆయన ఫోన్ నంబరు ఏమిటి? ఆడపిల్లలతో పాటు రాత్రిళ్ళు అక్కడే ఉండే మహిళా అధ్యాపకులు ఎవరు? బస ఎక్కడ, తలుపులూ మరుగుదొడ్డీ సరిగ్గా ఉన్నాయా? ఒంట్లో బాగా లేకపోతే దగ్గర్లో ఆస్పత్రి ఏది? ఇవి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కాలేజీ వాళ్ళు ఓపికగా జవాబు చెబితే మంచిదే. విసుక్కుంటే, ఆ ఒక్క క్యాంపుకు వద్దనండి, ఆ పనికే వద్దనకండి. ఊరికి దూరంగా పంపడం ఇష్టం లేకపోతే, మన పట్నంలోనే బస్తీ పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే పనితో మొదలుపెట్టమనండి.

తిరిగి వచ్చాక, "బాగా జరిగిందా, ఏం తిన్నావు" అన్న ప్రశ్నలతో పాటు ఇంకో మూడు అడగండి. నీకు జవాబు తెలియని ప్రశ్న ఎవరు అడిగారు? దానికి జవాబు ఎక్కడ వెతికావు? మళ్ళీ ఆ ఊరికి ఎప్పుడు వెళ్తావు? ఈ మూడింటికీ పిల్ల గడగడా జవాబు చెబితే ఆ వారం వృథా కాలేదని నమ్మండి. నీళ్ళు నమిలితే, వచ్చేసారి ఏం చెయ్యాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఇంతవరకూ పిల్లల మాట అయింది. మరి మన మాటేమిటి? పిల్లలకు స్వయంగా నేర్చుకోమని చెబుతూ మనం చేతులు ముడుచుకు కూర్చుంటే ఏం బాగుంటుంది? పెళ్ళితో చదువు ఆగిపోయిన వాళ్ళు మనలో ఎంతోమంది. అలాంటి వాళ్ళ కోసమే 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశం మొత్తం మీద మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. ఇంట్లో ఉండి పాఠాలు చదువుకోవచ్చు, రోజూ కాలేజీకి వెళ్ళనక్కర్లేదు. కరీంనగర్, ఆదిలాబాదుల్లో దానికి అధ్యయన కేంద్రాలున్నాయి. అర్హతలూ, ఫీజులూ ఎప్పటికప్పుడు మారుతుంటాయి కనుక దగ్గర్లోని కేంద్రానికి స్వయంగా వెళ్ళి కనుక్కోవడం మంచిది.

డిగ్రీ అక్కర్లేదంటారా? గ్రంథాలయానికి వెళ్ళండి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా మన చేతే కట్టిస్తున్నారు. డబ్బు కట్టి సరుకు తెచ్చుకోకపోతే నష్టం ఎవరికి? అమ్మాయితో కలిసి వారానికి ఒక పూట వెళ్ళినా చాలు. తనకు కావలసింది తాను వెతుక్కుంటుంది, మీకు కావలసింది మీరు.

ఆ చదివిన దానికి ఒక ప్రయోజనం కూడా కావాలి కదా! 2011 జనాభా లెక్కల ప్రకారం మన తెలంగాణలో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్ళు నూటికి 58 మంది. ఆ తరువాత కొంత మారి ఉండవచ్చు గాని, బ్యాంకు కాగితం మీద వేలిముద్ర వేసే అక్కచెల్లెళ్ళు మన వీధి వీధికీ ఉన్నారు. వయోజనులకు అక్షరాలు నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో ఉల్లాస్ అనే కార్యక్రమం పెట్టింది. అందులో చదువు చెప్పేది జీతం తీసుకునే పంతుళ్ళు కాదు, విద్యార్థులూ గృహిణులూ లాంటి స్వచ్ఛంద కార్యకర్తలే.

దాని కోసం ఎక్కడికో వెళ్ళనక్కర్లేదు. మీ ఇంట్లో గిన్నెలు తోమే అక్కను, ఆమెకు ఇష్టమైతేనే, పని అయ్యాక పావుగంట కూర్చోబెట్టండి. "అ, ఆ"లతో మొదలుపెట్టకండి. ఆమెకు ఏది కావాలో ముందు అడగండి. బస్సు మీద ఊరి పేరా? మందు డబ్బా మీద తేదీయా? రేషన్ కార్డు మీద తన పేరా? ఆమె అడిగిన మాటతోనే మొదలుపెట్టండి. మీ అమ్మాయి క్యాంపులో నేర్చుకుని వచ్చిన పద్ధతి ఏమైనా ఉంటే అదీ అడగండి. పిల్ల తల్లికి నేర్పడంలో తప్పేముంది? ఆ పావుగంటలో ముగ్గురూ చదువుకున్న వాళ్ళే అవుతారు.